నీలం గ్లోవ్స్‌లో చేతులు

“గాజులు తీసెయ్. వీడియోల సప్పుడు వినపడుతది” అన్నాడు మా ఆయన రాజశేఖర్.

నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని ఉన్నాను. ముందు బల్ల మీద పాత దుప్పటి ముక్క, దాని మీద పొట్ట విప్పి వెల్లకిలా పడుకోబెట్టిన బొమ్మ రైలింజను. ఎదురుగా మూడుకాళ్ళ స్టాండుకు బిగించిన నా ఫోను. నా మోచేతుల దాకా మాత్రమే అందులో పడేలా దాన్ని వంచి పెట్టాడు. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. ఇడ్లీ గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి.

“గ్లోవ్స్ గూడ ఏస్కో, నీలంవి. నా పాత ఫుల్ షర్ట్ ఉన్నది గద, అది తొడుక్కొని చేతుల కాడ గుండీలు పెట్టుకో.”

“గ్లోవ్స్ ఏస్కుంటే ఇంత సన్న స్క్రూలు చేతికి దొరకయి.”

“ఫ్యాక్టరీల ఏస్కుంటలేవా? ఆడ దొరికినయి ఈడ దొరకవా?”

గాజులు తీసి బల్ల మీద పెట్టాను. అవతల గుమ్మంలో మా అత్తమ్మ ఇందిరమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆరేళ్ళ క్రితం నేను సుల్తాన్‌పూర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, ఫ్యాక్టరీలో గాజులు వేసుకోనివ్వరని చెబితే ఆమె మూడు రోజులు అన్నం మానేసింది. “ముత్తైదువ బోడి చేతులతోని పని చేసుడేంది, నా కొడుకు పానం బాగుండాల్నా వద్దా?” అని వాకిట్లో కూర్చుని అడిగింది, నలుగురూ వినేలాగా. అప్పటినుంచి లాకర్లో గాజులు విప్పడం, తిరిగొచ్చేటప్పుడు కిష్టారెడ్డిపేటలో బస్సు దిగకముందే వేసుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు ఆమె కళ్ళ ముందే ఆమె కొడుకు గాజులు తీయించాడు. నేను కావాలనే ఆమె వైపు చూశాను. ఆమె చిక్కుడుకాయ ఈనె తీస్తూ, “కానియ్ జల్దీ, వాని పని ఆగుతది” అంది. అంటే నా కూటి కోసం గాజులు తీస్తే ఆయన ప్రాణానికి గండం, ఆయన వీడియో కోసం తీస్తే ఏ గండమూ లేదు. ఇన్నేళ్ళూ నేను భయపడింది ఇలాంటి శాస్త్రానికా అని నామీద నాకే కోపం వచ్చింది.

రాజశేఖర్ పటాన్‌చెరు పక్కన ఒక ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరు. ఆయన కింద అరవై మంది. ఒక నట్టు వదులైతే ఫోర్‌మన్‌ను పిలుస్తాడు, ఇంట్లో కొళాయి కారితే నన్ను పిలుస్తాడు. రుద్రారం దగ్గర వాళ్ళ పొలం కొంత అమ్మి ఇక్కడ ఇల్లు కట్టాక పక్కన కొంత జాగా మిగిలింది. నేను అక్కడ మల్లె, బెండ, వంకాయ వేశాను. నాలుగేళ్ళ కింద ఆయనకు తోట రైలు పిచ్చి పట్టింది. నా వంగ మడులు పీకించి, ఎర్రమట్టి పోయించి, అరచేయంత వెడల్పున రెండు పట్టాలు జామచెట్టు చుట్టూ వేయించాడు. చిన్న వంతెన, చిన్న స్టేషను, అక్కడో ఎత్తు. దాని మీద తిరగడానికి కుక్కపిల్లంత ఇంజను, నాలుగు డబ్బాలు. చూడటానికి ఆవిరింజను, లోపల బ్యాటరీ మోటారు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు హైదరాబాదు చుట్టూ ఇరవై మంది దాకా ఉన్నారట. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు. ఆయన అందులో పెద్ద నిపుణుడు. పట్టాల మీద రాలిన జామాకులు పొద్దున ఐదింటికి ఊడ్చేది మాత్రం నేను. వానకు కంకర కొట్టుకుపోతే మోకాళ్ళ మీద కూర్చుని సర్దేదీ నేనే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. మా ఇంట్లో ఆ సామెత అందరికీ తెలుసు, ఎవరి గురించో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ ఇంజను పాడైన తీరు చెబితే నవ్వొస్తుంది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. దసరా రోజు ఆయుధ పూజకు కారు పక్కన, గ్రైండరు పక్కన దీన్నీ పెట్టారు. అత్తమ్మ చక్రాలకు పసుపు పూసి కుంకుమ అద్దింది. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు నెత్తిన పోసింది. అంతవరకూ అయినా బతికేదేమో. కొత్త కారుకు తొక్కించినట్టు దీనికీ నిమ్మకాయలు తొక్కించాలన్నాడు రాజశేఖర్. రెండు పట్టాల మీద రెండు నిమ్మకాయలు పెట్టాడు. ఫొటో తీయమని మా బిడ్డ తనుశ్రీకి ఫోనిచ్చి రిమోట్ నొక్కాడు. నాలుగు కిలోల ఇంజను నిమ్మకాయను ఎక్కడ తొక్కుతుంది? అది వెళ్ళి కాయకు ఆనుకుని నిలబడిపోయింది. లోపల మోటారు మూలుగుతోంది. “ఆపుండ్రి” అన్నాను. “ఎట్ల తొక్కదో సూస్త” అని ఫుల్లుగా పెట్టాడు. టక్కున ఒక చప్పుడు వచ్చింది. అంతే, మోటారు తిరుగుతోంది, చక్రం కదలదు.

రాజశేఖర్ రిమోట్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు. తర్వాత అత్తమ్మ నా వైపు తిరిగింది. “నువ్వు ముట్టినవా దాన్ని? నీకు నాలుగో దినమేనా, అయిదో దినమా?”

తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ ఎదుట, కారు కడగడానికి వచ్చినతని ఎదుట అడిగింది. రాజశేఖర్ ఆమెను ఏమీ అనలేదు. “పండుగ పూట నీతోని ఇదొక పరేషాన్” అని నన్నే అన్నాడు. నేను లోపలికి వెళ్ళి పులిహోర కలిపాను. పోపులో ఆవాలు మాడిపోయాయి. మాడిన ఆవాల గురించి కూడా భోజనాల దగ్గర మాటొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాన్ని విప్పాను. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాను. ఆ బ్యాచ్‌లో మేం నలుగురమే ఆడపిల్లలం. పెళ్ళయ్యాక పదేళ్ళు ఆ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల కింద పడుంది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో నా పని, రోగి నరంలోకి మందును బొట్టు బొట్టుగా పంపే పంపులో మోటారునూ గేర్లనూ కూర్చడం. బియ్యపు గింజంత గేర్లు. వాటి పక్కన ఈ రైలింజను గేరు బండిచక్రమే. విప్పితే లోపల గ్రీజు, పసుపు, కుంకుమ కలిసి ఎర్రటి ముద్ద అయింది. చక్రాల ఇరుసు మీద ఉండే ప్లాస్టిక్ గేరు నిలువునా పగిలింది. ఆ ప్లాస్టిక్‌ను అలాంటి ఇరుసు మీద బిగించడమే తప్పు. నిమ్మకాయ అడ్డం పడకపోయినా ఇంకో ఏడాదికి పగిలేదే.

“కొత్త గేరు తెప్పిచ్చి ఏస్తే అయిపాయె” అన్నాడు రాజశేఖర్.

“అది గూడ పలుగుతది. గేరొక్కటి గాదు, మోటారు నుంచి ఇరుసు దాక మొత్తం మార్చాలె. ఇత్తడి గేరు, దాన్ని తిప్పే మరచుట్ల ఉక్కు వార్మ్, ప్లాస్టిక్ బుష్‌ల జాగాల బాల్ బేరింగులు. మోటారు గూడ నిమ్మలంగ తిరిగేది కావాలె.”

ఆయన టీవీ చూస్తూ విన్నాడు. “నీ పంపు లెక్కనుకున్నవా ఏంది? సరె, ఎట్లగు ఖరాబైంది, ఏం చేస్కుంటవో చేస్కో.”

ఆ మూడు వారాలు నేను బతికాను. ఈ మాట పెద్దగా అనిపిస్తే అనిపించనీ. పొద్దున షిఫ్టు అయి ఇంటికొచ్చేసరికి మూడు. నాలుగున్నరకు తనుశ్రీ స్కూలు నుంచి వస్తుంది, ఐదింటికి అత్తమ్మ మధ్యాహ్నపు నిద్ర లేస్తుంది. ఆ గంటన్నరలో బట్టలు మడతపెట్టకుండా, పప్పు నానబెట్టకుండా, వెనక వరండాలో బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఫ్యాక్టరీలో నేను కూర్చే పంపుకు ఎవరో గీసిన డ్రాయింగు ఉంటుంది, ఏ స్క్రూ ఎంత బిగించాలో కాగితం మీద రాసి ఉంటుంది. ఇక్కడ ఎవరూ రాయలేదు. ఎన్ని పళ్ళ గేరు పెట్టాలో, ఇరుసు ఎంత పక్కకు జరగొచ్చో నేనే ఆలోచించాలి, తప్పయితే నేనే విప్పాలి. రెండుసార్లు తప్పయింది. ఆ తప్పులు కూడా నాకు ఇష్టంగా ఉన్నాయి. నా జీవితంలో నేను చేసిన తప్పును ఎవరూ ఎత్తిపొడవకుండా నేనే దిద్దుకోవడం అదే మొదటిసారి.

ఇత్తడి గేరు రంధ్రం ఇరుసుకు సరిపోయేలా కోయించడానికి పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో సంగయ్య లేత్ షాపుకు వెళ్ళాను. చేతిలో గేరు పెడితే ఆయన నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. “సార్‌ను తోలియ్యమ్మా. సైజు గియిజు మాట్లాడుకోవాలె.”

“సైజు నేనే చెప్త. ఇరుసు ఐదు ఎమ్మెం. గేరు రంధ్రం ఎమ్మెంల రెండు నూరోవంతులు తక్కువ కొయ్యి, నొక్కి ఎక్కిస్త.”

సంగయ్య కళ్ళద్దాలు నెత్తి మీద నుంచి ముక్కు మీదికి దించాడు. మళ్ళీ సారు ఊసెత్తలేదు. ఛాయ్ తెప్పించాడు. తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో నాలో నేను నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కనామె నన్ను వింతగా చూసి కాస్త ఎడంగా జరిగింది.

ఇక చివరి పని గేర్ల మధ్య సందు. వార్మ్ వెళ్ళి గేరును మరీ ఒత్తుకుంటే వేడెక్కి పట్టేస్తుంది. మరీ ఎడమైతే పళ్ళు జారి కొరుక్కుంటాయి. గోడ క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చించి, సన్న పీలిక రెండింటి మధ్యా పెట్టి, ఆ మందమే ఉండేలా స్క్రూలు బిగించి పీలికను లాగేశాను. వేలితో కదిపితే గేరు ఇసుమంత ఆడాలి. అలాగే ఆడింది. ఆ సాయంత్రం డబ్బాల్లో నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తు ఎక్కించాను. గొణగకుండా, జారకుండా, మనిషి మెట్లెక్కినట్టు నింపాదిగా ఎక్కింది. తనుశ్రీ చప్పట్లు కొట్టింది. రాజశేఖర్ గేటు దగ్గరే బైకు ఆపి చూశాడు. నా గుండె దడదడలాడింది, పరీక్ష ఫలితం చూసే పిల్లకు ఆడినట్టు. ఎందుకు ఆడిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

“మంచిగనే ఉంది” అన్నాడు. బూట్లు విప్పుకుంటూ అన్నాడు, “దీన్ని వీడియో తియ్యాలె. గ్రూపుల పెట్టాలె.”

అలా ఆ ఆదివారం గాజులు తీసి, ఆయన చొక్కా తొడుక్కుని, నీలం గ్లోవ్స్ వేసుకుని కూర్చున్నాను. నా పనిని నేనే మళ్ళీ విప్పి, నేనే మళ్ళీ బిగించాను. కాగితం పీలిక ఎందుకు పెట్టానో, ఇరుసు పక్కన సన్న వాషర్లు ఎందుకో ఆయన అడిగితే గ్యాస్ బిల్లు వెనక రాసిచ్చాను. అది చూసి గొంతు సవరించుకుని చదివాడు. “ఫ్రెండ్స్, ఇక్కడ నేను ఒక చిన్న టెక్నిక్ వాడుతున్నాను...” వీడియోలో నా చేతులు, ఆయన గొంతు. సాయంత్రానికి గ్రూపంతా దండాల బొమ్మలు, పూలగుత్తులు. ఎవరో రాశారు, రాజశేఖర్ గారి చేతుల్లో సరస్వతి ఉందని.

తనుశ్రీ అన్నం తింటూ అడిగింది. “డాడీ, అవి మమ్మీ చేతులు గద?”

“ఇంట్ల ఎవలు చేస్తే ఏంది బిడ్డా? మమ్మీ వేరే, నేను వేరేనా?”

వేరు కాదట. తిన్న ప్లేటు అక్కడే వదిలి లేచినప్పుడు మాత్రం వేరు. అత్తమ్మ షుగరు గోళీలు అయిపోయినప్పుడు వేరు. ఆ ప్లేట్లు తోముతూ నేను ఇలాంటి మాటలు చాలా అనుకున్నాను, ఒక్కటీ పైకి అనలేదు. పదహారేళ్ళుగా పైకి అనని మాటలన్నీ ఒకచోట పోస్తే ఆ పెరట్లో పట్టాల మీద కంకరకు సరిపోతాయి.

బుధవారం ఫ్యాక్టరీలో మా మేనేజరు నిషిత క్యాబిన్‌కు పిలిచింది. నాకన్నా పదేళ్ళు చిన్నది, హైదరాబాదు అమ్మాయి, మాటలు తక్కువ. కొత్త లైను వేస్తున్నారు, వచ్చే యాభై మంది పిల్లలకు పని నేర్పే ట్రైనరు కావాలి. డ్రాయింగు లేకుండా సొంతంగా ఏదైనా చేశారా అని అడిగింది. నేను తటపటాయించి ఫోనులో ఉన్న వీడియో ముక్కలు చూపించాను. మా ఆయన గొంతు కలపకముందువి. ఆమె రెండుసార్లు చూసి, “గ్లోవ్స్ ఎందుకు వేసుకున్నారు మహితగారూ, ఇంట్లో?” అంది.

నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

“ఉంగరపు వేలు మడిచి ట్వీజర్ పట్టుకునేది మా లైన్లో మీరొక్కరే. గ్లోవ్స్ వేసుకున్నా మీ చేతులు నాకు తెలుసు.” కాగితం నా ముందుకు జరిపింది. పుణేలో ఆరు వారాల శిక్షణ, తిరిగొచ్చాక ట్రైనరు. పొద్దున షిఫ్టు ఉండదు, జనరల్ షిఫ్టు. “సోమవారం పొద్దున లిస్టు పంపాలి. ఆదివారం సాయంత్రం ఐదింటిలోపు ఒక్క మెసేజ్ పెట్టండి. మీరు కాదంటే ఇంకొకరి పేరు రాస్తాను.”

గురువారం రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. రాజశేఖర్ ముద్ద ఆపి నన్ను కొత్తగా చూశాడు. “ఆరు వారాలా? అమ్మ గోళీలు ఎవలు సూస్తరు? తనుశ్రీ పరీక్షలు? ఇంతకు ట్రైనరంటే ఏంది, పంతులమ్మవా? నువ్వు చెప్తే ఎవలింటరు?” అత్తమ్మ ఆయన మాట అందుకుంది. “ఆడిమనిషి ఊరు గాని ఊర్ల ఆరు వారాలుంటే నలుగురు నవ్వరా? మా ఇంట్ల గిట్ల ఎన్నడన్న ఉన్నదా?” నేను వాదించలేదు. ఆదివారం దాకా టైముంది, ఆలోచిస్తానన్నాను. “సోంచాయించు, మంచిగ సోంచాయించు” అన్నాడు రాజశేఖర్. ఇంత సులువుగా ఒప్పుకున్నాడేమిటా అని నాకే ఆశ్చర్యం వేసింది. మర్నాడు సాయంత్రం, మిగిలిన వీడియోలు తన ఫోనులోకి ఎక్కించుకుంటానని నా ఫోను అడిగి తీసుకుని గంట తర్వాత ఇచ్చాడు.

శనివారం ఫ్యాక్టరీలో నిషిత నా పక్కనుంచే వెళ్ళింది, నా వైపు చూడలేదు. పనిలో ఉందనుకున్నాను. ఆ సాయంత్రం నేను మర్నాటి వంటకు ఉల్లిగడ్డలు కోస్తుంటే, ఆయన వరండాలో ఇంజను తిరగేసుకుని అలెన్ కీతో ఏదో బిగిస్తున్నాడు. “గేరు లూజున్నది, సూస్కోలేదా?” అన్నాడు. “అది లూజు గాదు, గట్లనే ఉండాలె, ముట్టకుండ్రి” అన్నాను. “నాకు నేర్పుతున్నవా?” అన్నాడు. ఉల్లిగడ్డ ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. సరే, ఆయన బొమ్మ, ఆయన ఇష్టం అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం గ్రూపువాళ్ళు ఎనిమిది మంది వచ్చారు. వీడియోలో ఇంజనును కళ్ళారా చూడాలట. నేను పొద్దున ఐదింటి నుంచి మటన్, బగారన్నం, పెరుగు చట్నీ. కుర్చీలు, మంచినీళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు. అందరిలోకీ పెద్దాయన నరసరాజు, రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి. ఆయనొక్కడే తన ప్లేటు తను తెచ్చి సింకులో పెట్టాడు. “అయ్యో, మీరెందుకు సార్, ఆమె తీస్తది గద” అన్నాడు రాజశేఖర్.

నాలుగయింది. వాళ్ళందరూ పెరట్లోకి వెళ్ళారు. నేను వంటింట్లో చేతులు తుడుచుకుని ఫోను తీశాను. నిజం చెబుతున్నాను, అప్పటికింకా నేను తేల్చుకోలేదు. ఉల్లిగడ్డల దగ్గరా కూర దగ్గరా పోతాను పోలేను, పోతాను పోలేను అని తన్నుకుంటూనే ఉన్నాను. నిషితకు ఎలా రాయాలో, కాదనాలంటే ఎంత మర్యాదగా కాదనాలో కూడా అనుకుంటూ మెసేజులు తెరిచాను. అక్కడ శుక్రవారం ఆరూ పదికి నేను పంపిన మెసేజ్ ఉంది.

“మేడం, నాకు ఇంటి బాధ్యతలు ముఖ్యం. పుణే వెళ్ళడం నాకు ఇష్టం లేదు. దయచేసి వేరేవాళ్ళ పేరు రాయండి. మహిత.”

దాని కింద నిషిత జవాబు. “సరే. అర్థమైంది.”

నేను రెండుమూడుసార్లు చదివాను. పొయ్యి కట్టేసి మళ్ళీ చదివాను. చేతులు తీసుకున్నాడు, సరే అనుకున్నాను. గొంతు కూడా తీసుకున్నాడు. నా చేతులకు తన గొంతు పెట్టి మెప్పు తెచ్చుకున్నాడు, తన మాటకు నా పేరు పెట్టి నా దారి మూసేశాడు. ‘నాకు ఇష్టం లేదు’ అట. నాకేది ఇష్టమో పదహారేళ్ళలో ఒక్కసారి అడగని మనిషి, నాకేది ఇష్టం లేదో రాసి పంపాడు. నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఇంత అసహ్యం నాలో పట్టగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

“మహీ! ఇట్ల రా జర!” పెరట్లోంచి కేక వినపడింది.

ఫోను చేతిలోనే పట్టుకుని వెళ్ళాను. ఇంజను ఎత్తు మధ్యలో ఆగిపోయింది. మోటారు కాలిన వాసన వస్తోంది. ఎనిమిది మందీ చుట్టూ నిలబడ్డారు. రాజశేఖర్ మొహం చెమటతో మెరుస్తోంది. ఆయన నవ్వుతూ వాళ్ళతో అన్నాడు. “ఏం లేదు సార్, నిన్న మా ఆమె తుడుసుకుంట ఏదో కదిలిచ్చినట్టుంది. ఆడోళ్ళకు ఏది ముట్టాల్నో ఏది ముట్టొద్దో తెల్వదు గద.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కాకపోతే ఇక్కడ మద్దెలకు నోరుంది.

“అవును సార్” అన్నాను. “నేనే ముట్టిన.”

రాజశేఖర్ నవ్వు కొంచెం సడలింది.

“దసరా నాడు ఇది పాడైతే విప్పింది నేను. గేరు, మోటారు, బేరింగులు మార్చింది నేను. మీరు చూసిన వీడియోల చేతులు నావి, చొక్కానే ఆయనది. ఇప్పుడు చెడగొట్టింది నేనంటున్నడు గద, అది గూడ నాకే రాసుకోండ్రి. కాని రాస్తే రెండూ రాయుండ్రి, ఒక్కటి గాదు.”

ఎవరూ నవ్వలేదు. “మహితా, లోపటికి నడువ్” అన్నాడు రాజశేఖర్ పళ్ళ మధ్యనుంచి. గుమ్మంలోంచి అత్తమ్మ, “అయ్యో, నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నది” అంది. నేను పట్టాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇంజనును తిరగేశాను. అలెన్ కీ ఆయన చేతిలోనే ఉంది. చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. నరసరాజు ఆయన వేళ్ళలోంచి దాన్ని మెల్లగా తీసి నాకు అందించాడు.

నాలుగు స్క్రూలు విప్పి అడుగు రేకు తీశాను. వార్మ్ ఇత్తడి గేరులోకి దిగబడి ఉంది. పళ్ళ మీద అరిగిన ఇత్తడి పొడి పసుపుగా మెరుస్తోంది. “ఇక్కడ కాగితమంత సందు ఉండాలె సార్. ఆ సందు ఎందుకో వీడియోల చెప్పిన ఆయనకు తెల్వదు. లూజనుకొని నిన్న బిగిచ్చిండు.”

నరసరాజు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇరుసు పక్క వాషరును వేలితో తాకి, “ఈ వాషరు కూడా మీరే పెట్టారా అమ్మా?” అన్నాడు.

“అవును సార్.”

“మా షాపులో కూడా దీన్ని మర్చిపోయేవాళ్ళు.” లేచి నిలబడ్డాడు. “ఇది పాడవలేదు, ఇంకా బతుకుతుంది. సరిచేస్తారా?”

సరిచేయడానికి పావుగంట చాలు. నా వేళ్ళు అప్పటికే స్క్రూ మీద ఉన్నాయి. పాడైనది ఏది కనపడినా సరిచేయడానికి ముందుకు పోయే వేళ్ళవి, పదహారేళ్ళుగా. నేను వాటిని వెనక్కి తీసుకున్నాను.

“చెయ్య సార్.”

“మరి ఎవరు చేస్తారు?”

“గ్రూపుల ఆయన వీడియో ఉన్నది గద. సూసి చేస్కుంటడు.”

అలెన్ కీని పట్టాల మీద పెట్టి లేచాను. చీరకు అంటిన కంకర దులుపుకున్నాను. నాలుగూ ముప్పై ఐదు. అందరి ముందే నిషితకు ఫోను చేశాను. మూడో రింగుకు ఎత్తింది.

“మేడం, నేను మహితను. శుక్రవారం మెసేజ్ నేను పెట్టలేదు. నేను పుణే పోత. నా పేరు రాయండి.”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. “లిస్టు ఇంకా పంపలేదు, రాస్తాను. కానీ మహితగారూ, మీ నంబరు నుంచే వచ్చింది కదా. మీరు పెట్టకపోతే ఎవరు పెట్టారు?”

నేను రాజశేఖర్ కళ్ళలోకి చూస్తూ చెప్పాను. “మా ఇంట్ల నా పేరు మీద మాట్లాడే మనిషి ఒకడుండె మేడం. ఇయ్యాల పనిల నుంచి తీసేసిన.”